రోహిణి కార్తెలోనూ లొల్లి చేయని కంప్యూటర్: కూలర్, ఫ్యాన్లు ఎంచుకుని బిగించే పద్ధతి

ఇంటి నుంచి పని చేసుకోవడానికి సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నవాళ్లు మార్చి దాటగానే ఒకే మాట అడుగుతారు: "చలికాలం మంచిగనే ఉండె, ఇప్పుడు పిండిగిర్నీ లెక్క సప్పుడు చేస్తోంది. ఏ ఫ్యాన్ కొనాలి?" ఫ్యాన్ పేరు చెప్పడం తేలికే. కానీ అది మార్చినా చాలామందికి సప్పుడు తగ్గదు, ఎందుకంటే గొడవ ఫ్యాన్‌తో మొదలు కాలేదు.

కూలర్ల మీద వచ్చే రివ్యూలన్నీ దాదాపుగా 20–25 డిగ్రీల గదిలో కొలిచినవే. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం స్లాబు కింది పై అంతస్తు గదిలో 38–40 డిగ్రీలు మామూలు. రేకుల ఇల్లయితే ఇక చెప్పనక్కర్లేదు. మరోవైపు, ఎండాకాలం సీలింగ్ ఫ్యాను 5 మీద తిరుగుతుంటే కంప్యూటర్ సప్పుడు చెవిన పడదు. సంక్రాంతి ముందు రాత్రుల్లో అన్నీ బంద్ చేసి కూర్చుంటే అదే సప్పుడు తలనొప్పి తెస్తుంది. అందుకే వేడిని రోహిణి కార్తె మధ్యాహ్నం లెక్కలో, సప్పుడును సంక్రాంతి రాత్రి లెక్కలో చూసుకోవాలి. ఈ రెంటికీ సరిపోయేలా బిగించడమే ఇక్కడ పని.

మాటల దగ్గర తికమక రాకుండా ఒక సంగతి. మన దగ్గర దుకాణంలో "సీపీయూ" అంటే మొత్తం డబ్బా తీసి చూపిస్తారు, "కూలర్" అంటే గడ్డి మెత్తల కూలర్ గుర్తొస్తుంది. ఇక్కడ చిప్‌ను ప్రాసెసర్ అని, డబ్బాను క్యాబినెట్ అని, కరెంటు ఇచ్చే పెట్టెను ఎస్‌ఎంపీఎస్ అని, ప్రాసెసర్ మీద బిగించేదాన్ని కూలర్ అని, గదిలో పెట్టేదాన్ని ఎయిర్ కూలర్ అని అంటున్నాం.

ఇది ఆఫీసు పని, కోడింగ్, అకౌంట్లు, ఫోటోలు, ఒక మాదిరి వీడియో ఎడిటింగ్ చేసే కంప్యూటర్ కోసం. పెద్ద గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఉన్నదాని లెక్క వేరు.

ముందుగా కావలసినవి

- 65 వాట్ల తరగతి ప్రాసెసర్
- 120 మి.మీ. ఫ్యాన్, 4 హీట్ పైపులు (వేడిని రేకులకు మోసే గొట్టాలు) ఉన్న టవర్ కూలర్ (నిలువుగా లేచి ఉండే రేకుల కూలర్)
- ముందు భాగం జాలీతో ఉన్న క్యాబినెట్
- నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం (బోర్డు వేగం మార్చగలిగే) ఫ్యాన్లు 3: ముందుకు రెండు, వెనక్కి ఒకటి
- థర్మల్ పేస్టు చిన్న ట్యూబు (కూలర్‌తో వస్తే అదే చాలు)
- పొడుగు కాడ ఉన్న 2వ నంబర్ స్టార్ స్క్రూడ్రైవర్. కొన్ని టవర్ కూలర్ల స్క్రూలు రేకుల మధ్య లోపలికి ఉంటాయి, పొట్టి స్క్రూడ్రైవర్ అందదు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డ. దూది వద్దు, నూగు అంటుకుపోతుంది
- గోడకు తగిలించే మామూలు థర్మామీటరు, వైర్లు కట్టే జిప్ టైలు, రెండు అగరుబత్తీలు

హన్మకొండలో దొరకని భాగాలకు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లేవాళ్లు కొలతలు, సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు కాగితం మీద రాసుకుని వెళ్లండి. కొలత తప్పిన కూలర్ మార్చుకోవడానికి మళ్లీ ఒక రోజు పోతుంది.

1. గది వేడితో లెక్క మొదలుపెట్టండి

కంప్యూటర్ పెట్టే చోట, టేబుల్ ఎత్తులో థర్మామీటరు పెట్టి మధ్యాహ్నం 2–4 గంటల మధ్య చూడండి. ఇప్పుడు చలికాలమైతే వేసవికి 40 అని రాసుకోండి.

గాలితో చల్లబరిచే ఏ కూలరైనా గది వేడికి పైన ఇన్ని డిగ్రీలు అనే లెక్కలో పనిచేస్తుంది. రివ్యూలో 22 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 70 చూపించిందంటే, అది గదికన్నా 48 ఎక్కువ. అదే కూలర్, అదే వేగంతో మీ 40 డిగ్రీల గదిలో సుమారు 88 చూపిస్తుంది. ఇంటెల్ చిప్పుల్లో చాలావాటికి గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 తరగతికి 95, కొన్ని రైజెన్ 5000 చిప్పులకు 90. హద్దు తగిలితే చిప్ కాలిపోదు, తన వేగం తానే తగ్గించుకుంటుంది. కానీ అప్పటికే ఫ్యాన్లు నిండు వేగంతో అరుస్తుంటాయి.

వాటర్ కూలింగ్ పెడితే ఈ లెక్క తప్పుతుందనుకోవడం పెద్ద అపోహ. ఆ నీళ్లు కూడా చివరికి రేడియేటర్ దగ్గర అదే 40 డిగ్రీల గాలికి వేడిని వదలాలి. గది కన్నా చల్లగా ఎప్పటికీ కావు. పైగా పంపు గుయ్‌మనే సప్పుడు ఒకటి కొత్తగా చేరుతుంది, పంపు పాడైతే మొత్తం మార్చాలి. 65 వాట్ల చిప్‌కు అది దండగ.

2. వేడి పుట్టే చోటే తగ్గించండి

సప్పుడు తగ్గించే అన్ని మార్గాల్లో చవకైనది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే.

కొత్తగా కొంటుంటే పేరు చివర కే, ఎక్స్ లేని చిప్ చూడండి. రైజెన్ 5 7600 తీసుకుంటే సాకెట్ దగ్గర గరిష్ఠంగా 88 వాట్లు, 7600ఎక్స్ అయితే 142. ఇంటెల్ కోర్ ఐ5 12400 మామూలుగా 65 వాట్లు, టర్బోలో (కొద్దిసేపు వేగం పెంచినప్పుడు) 117 వరకు పోతుంది. ఐ7 14700కే 253 దాకా లాగుతుంది. అంత వేడిని 40 డిగ్రీల గదిలో సప్పుడు లేకుండా బయటికి పంపే కూలర్ కోసం వెతకడం కన్నా చిప్ మార్చుకోవడం నయం.

ఇప్పటికే ఉన్న చిప్ అయితే బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లో) హద్దు పెట్టండి:

- ఏఎండీ బోర్డుల్లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ మెనూలో ఎకో మోడ్ ఉంటుంది. లేదా పీపీటీ (చిప్ లాగే వాట్ల హద్దు) అనే చోట 65 అని రాయండి. కొన్ని బోర్డులు మిల్లీవాట్లలో అడుగుతాయి, అక్కడ 65000. అక్కడ 65 అనే రాసి సేవ్ చేసి, కంప్యూటర్ నత్తలా నడుస్తోందని బాధపడకండి.
- ఇంటెల్ బోర్డుల్లో పీఎల్1 (ఎప్పుడూ ఉండే వాట్ల హద్దు) 65, పీఎల్2 (కొద్దిసేపటి టర్బో హద్దు) 90 పెట్టండి. చాలా బోర్డులు ఫ్యాక్టరీ నుంచే ఈ హద్దులు తీసేసి వస్తాయి. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడల్లా మీరు పెట్టినవి పోతాయి, మళ్లీ పెట్టాలి.

ఎక్సెల్, బ్రౌజర్, కోడ్ ఎడిటర్ లాంటి పనుల్లో ఈ హద్దు పెట్టినట్టే తెలియదు. గంటల తరబడి వీడియో రెండర్ చేసేవాళ్లకు కొంచెం తేడా కనిపిస్తుంది. వాళ్లు ఏప్రిల్ నుంచి జూన్ దాకా హద్దు ఉంచి, వానలు పడ్డాక తీసేయవచ్చు.

3. క్యాబినెట్: అద్దం ముఖం వద్దు

ముందు భాగం మొత్తం గాజుతో మూసి, పక్కన వేలెడు సందు మాత్రమే ఉన్న క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది. దాని వెనక ఫ్యాన్లు ఎంత తిరిగినా గాలి అందదు, అందక ఇంకా గట్టిగా తిరుగుతాయి. ముందు జాలీ, జాలీ వెనక తీసి కడిగే ఫిల్టర్, ఎస్‌ఎంపీఎస్ కింద ఇంకో ఫిల్టర్ ఉన్నది తీసుకోండి.

చూడాల్సిన కొలత ఒక్కటే: కూలర్ ఎత్తు ఎంతవరకు పడుతుంది. డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155 మి.మీ., నాక్టువా ఎన్‌హెచ్-యూ12ఎస్ 158, పెద్ద ఎన్‌హెచ్-డీ15 165. క్యాబినెట్ వివరాల్లో 160 లేదా అంతకు మించి ఉంటే మామూలు టవర్ కూలర్లు పడతాయి. 150 అని ఉంటే పక్క మూత పడదు.

పాత క్యాబినెట్ మార్చే ఉద్దేశం లేకపోతే, ముందు ప్లాస్టిక్ ముఖం పీకేసి చూడండి. క్లిప్పులతోనే ఉంటుంది. దాని స్థానంలో కిటికీలకు వేసే నైలాన్ దోమల జాలీ ముక్క కత్తిరించి బిగుతుగా తగిలిస్తే చాలు. పాత చీర గుడ్డ, బనియన్ గుడ్డ కట్టేవాళ్లున్నారు. దుమ్ము ఆగుతుంది కానీ గాలి కూడా ఆగుతుంది.

4. ప్రాసెసర్ కూలర్

చిప్‌తో డబ్బాలో వచ్చే చిన్న కూలర్ పనిచేయదని కాదు. రేకు తక్కువ కాబట్టి వేసవిలో వేగంగా తిరగాలి, తిరిగితే గీ అని కూస్తుంది. దాని స్థానంలో ఒక్క టవర్, ఒక్క 120 మి.మీ. ఫ్యాన్ ఉన్నది పెడితే 65–90 వాట్లకు సరిపోతుంది. రెండు టవర్లున్నది అదే వేడికి ఇంకా నెమ్మదిగా తిరుగుతుంది. ధరలో తేడా పెద్దగా లేకపోతే అదే తీసుకోండి. లైట్ల కోసం అదనంగా ఇచ్చే డబ్బు మాత్రం సప్పుడుకు పనికిరాదు.

కొనేముందు సాకెట్ చూడండి. ఇంటెల్ 1700 సాకెట్ రంధ్రాల మధ్య దూరం 78 మి.మీ., అంతకుముందు 1200, 1151లలో 75. పాత కూలర్ ఇంట్లో ఉందని తగిలిస్తే కూర్చోదు, 1700 కిట్ విడిగా కావాలి. ఏఎండీలో పాత ఏఎం4 సాకెట్ కూలర్లు చాలావరకు కొత్త ఏఎం5కూ సరిపోతాయి, కాకపోతే బోర్డు వెనక తమ సొంత ప్లేటు పెట్టుకోవాల్సిన కూలర్లు ఏఎం5లో పనికిరావు. అక్కడ వెనక ప్లేటు ఊడిరాదు.

5. ఫ్యాన్లు ఎంచుకోవడం

దుకాణంలో ఎక్కువగా అమ్ముడయ్యేవి మూడు లైట్ల ఫ్యాన్ల సెట్లు. వాటిలో చౌకవి ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌తో కరెంటు తీసుకుంటాయి. అంటే పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే వేగం, తగ్గించే దారి లేదు. "కొత్త ఫ్యాన్లు పెట్టాక లొల్లి ఇంకా పెరిగింది" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇవే. మదర్‌బోర్డుకు తగిలే చిన్న నాలుగు పిన్నుల కనెక్టర్ ఉందా లేదా అన్నది మొదట చూడండి. మూడు పిన్నులదైనా ఫరవాలేదు, బోర్డు వోల్టేజీ తగ్గించి దాన్ని నెమ్మది చేస్తుంది, అయితే మరీ తక్కువ వేగానికి దిగదు.

తర్వాత వేగం పరిధి. 1500–1800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వరకు పోగలిగి, 500 దగ్గర కూడా ఆగకుండా తిరిగేది మంచి ఫ్యాన్. ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం 200 నుంచి 1800 దాకా, నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ12x25 450 నుంచి 2000 దాకా తిరుగుతాయి. మొదటిది జేబుకు తేలిక, రెండోది చెవికి తేలిక.

వేగానికీ సప్పుడుకూ ఉన్న లెక్క గుర్తుంచుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. ఒకే ఫ్యాన్‌ను 1500 నుంచి 1000కి దించితే గాలి మూడో వంతు తగ్గుతుంది, సప్పుడు మాత్రం సుమారు 9 డెసిబెల్ పడిపోతుంది. అదే రకం ఫ్యాన్ ఇంకొకటి చేరిస్తే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. కాబట్టి ఒక్క ఫ్యాన్‌ను ఉరికించే కన్నా రెండింటిని నడిపించడం మేలు. క్యాబినెట్‌లో 140 మి.మీ. చోటు ఉంటే ముందు రెండూ అవే పెట్టండి, అదే గాలిని ఇంకా తక్కువ వేగంలో ఇస్తాయి.

బేరింగ్ సంగతి. స్లీవ్ బేరింగ్ చవక, కొత్తలో సప్పుడు ఉండదు, వేడికి నూనె ఎండిపోయి గరగరమంటుంది. ముఖ్యంగా పడుకోబెట్టి బిగిస్తే త్వరగా అరుగుతుంది. మన ఎండలకు ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

ఫిల్టర్, జాలీ వెనక పెట్టే ఫ్యాన్‌కు, కూలర్ మీది ఫ్యాన్‌కు స్టాటిక్ ప్రెషర్ (అడ్డం ఉన్నా గాలిని తోసే బలం) బాగుండాలి. రెక్కలు వెడల్పుగా, మధ్య సందులు తక్కువగా ఉన్నవి ఆ రకం. వెనక బయటికి తోసేదానికి ఏదైనా నడుస్తుంది.

6. ఎక్కడ, ఏ వైపు

ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. అంతే. పైన చోటు ఉంది కదా అని నింపకండి. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ రంధ్రాల్లోంచే దుమ్ము లోపల పడుతుంది.

లోపలికి వచ్చే గాలి బయటికి పోయే దానికన్నా కొంచెం ఎక్కువ ఉంటే, సందుల్లోంచి దుమ్ము పీల్చుకోదు, వచ్చేదంతా ఫిల్టర్ దాటి వస్తుంది. మన వైపు ఇది చాలా ముఖ్యం. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి సీజన్‌లో గాలిలో తేలే నూగు, రైస్ మిల్లుల పక్కన ఊక దుమ్ము, కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, గోదావరిఖనిలో బొగ్గు మసి. వీటిలో పత్తి నూగు అన్నిటికన్నా మొండిది, కూలర్ రేకుల మధ్య నమ్దాలా అల్లుకుంటుంది.

ఫ్యాన్ ఏ వైపు గాలి తోస్తుందో గుర్తు: మోటారును పట్టుకున్న ప్లాస్టిక్ కాళ్లు, లేబుల్ ఉన్న వైపుకు గాలి వెళ్తుంది. కూలర్ మీది ఫ్యాన్ గాలి వెనక ఫ్యాన్ వైపే పోవాలి. రెండూ ఎదురుబొదురు తోసుకునేలా బిగించడం రోజూ జరిగే పొరపాటే.

7. బిగించడం

పాత కూలర్ తీసేటప్పుడు, ముఖ్యంగా ఏఎం4లో, పది నిమిషాలు ఏదైనా బరువు పని నడిపి చిప్‌ను వేడెక్కించి, ఆఫ్ చేసి, వైరు పీకి, అప్పుడు కూలర్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. చల్లగా ఉన్నప్పుడు నేరుగా పైకి లాగితే ఎండిన పేస్టుతో పాటు చిప్ సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, కాళ్లు వంగుతాయి. ఇంకో జాగ్రత్త: ఏఎం4 బోర్డులో నాలుగు స్క్రూలూ తీస్తే వెనక ప్లేటు కింద పడిపోతుంది. ఒక చేత్తో పట్టుకోండి.

పాత పేస్టు ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టండి. పెద్ద చిప్ అయితే సన్నటి ఇంటూ గుర్తు గీయండి. వేలితో పూయకండి. కూలర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర పీకారా? పీకకుండా బిగించి, కంప్యూటర్ ఆన్ చేసిన ఐదు నిమిషాల్లో 95 చూసి కూలర్ పాడైందని వాపస్ ఇచ్చేవాళ్లు తక్కువేం కాదు.

స్క్రూలు ఒకదాన్ని మొత్తం బిగించి ఇంకోదానికి పోకండి. ఎదురెదురు మూలలు, రెండేసి చుట్లు, అవి ఆగేదాకా. కూలర్ ఫ్యాన్ వైరు "సీపీయూ ఫ్యాన్" అని రాసిన పిన్నులకే. వేరే చోట పెడితే చాలా బోర్డులు ఎర్రర్ చూపి ఆగిపోతాయి. క్యాబినెట్ ఫ్యాన్లు "సిస్" లేదా "చా" అని ఉన్నచోట. పిన్నులు తక్కువైతే స్ప్లిటర్ (ఒక కనెక్షన్‌ను రెండుగా చీల్చే వైరు) వాడండి. మామూలుగా ఒక్కో హెడర్ (బోర్డు మీది పిన్నుల గుంపు) 1 ఆంపియర్ ఇస్తుంది, ఫ్యాన్ మీద రాసిన ఆంపియర్లు కూడితే అంత మించకూడదు. రెండు మూడు ఫ్యాన్లకు ఇబ్బంది ఉండదు.

వైర్లు రెక్కలకు తగలకుండా కట్టేయండి. టక్ టక్‌మనే సప్పుడుకు సగం సార్లు కారణం ఇదే.

8. ఫ్యాన్ కర్వ్: అసలు పని ఇక్కడుంది

ఎన్ని డిగ్రీలకు ఫ్యాన్ ఎంత వేగంతో తిరగాలో చెప్పే లెక్కే కర్వ్. బోర్డుతో వచ్చే డిఫాల్ట్ కర్వ్ చాలావాటిలో 40 డిగ్రీల దగ్గరే ఎక్కడం మొదలవుతుంది. మే నెలలో మన గదే 40. అంటే ఏ పనీ చేయకున్నా ఫ్యాన్లు పరుగెత్తుతూనే ఉంటాయి. ఖరీదైన ఫ్యాన్ కొన్నా సప్పుడు తగ్గకపోవడానికి ఇదే మూలం.

బయోస్‌లో ఆసుస్ అయితే క్యూ-ఫ్యాన్, గిగాబైట్ అయితే స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్‌ఐ అయితే హార్డ్‌వేర్ మానిటర్ తెరిచి, పీడబ్ల్యూఎం మోడ్ ఎంచుకుని, కూలర్ ఫ్యాన్‌కు ఇలా మొదలుపెట్టండి:

- 60 డిగ్రీల వరకు: 35 శాతం
- 70 దగ్గర: 45 శాతం
- 80 దగ్గర: 65 శాతం
- 88 దగ్గర: 100 శాతం. హద్దు 90 ఉన్న చిప్పులకు దీన్ని 84 చేయండి

క్యాబినెట్ ఫ్యాన్లకు 65 డిగ్రీల దాకా 35 శాతం, 85 దగ్గర 70 శాతం చాలు. అంతకు పైన సప్పుడు పెరుగుతుంది కానీ వేడి పెద్దగా తగ్గదు.

తర్వాత స్టెప్ అప్, స్మూతింగ్, హిస్టరిసిస్ లాంటి పేర్లతో ఆలస్యం పెట్టే చోటు ఉంటుంది. ఎక్కడానికి 3–5 సెకన్లు, దిగడానికి ఇంకొంచెం ఎక్కువ పెట్టండి. కొత్త చిప్పులు ఒక వెబ్ పేజీ తెరిచినా క్షణంలో 10–15 డిగ్రీలు ఎగిరి దిగుతాయి. ఆలస్యం లేకపోతే ఫ్యాన్ ప్రతిసారీ లేచి కూర్చుంటుంది. నిలకడగా ఉండే 900 ఆర్‌పీఎం సప్పుడును చెవి మరిచిపోతుంది, 600కూ 1200కూ మధ్య ఊగేదాన్ని మరిచిపోదు.

35 శాతం దగ్గర మీ ఫ్యాన్ ఆగిపోతుందా? శాతాన్ని మెల్లగా తగ్గిస్తూ ఎక్కడ ఆగుతుందో చూసి, దానికి 10 కలిపి కనిష్ఠంగా పెట్టండి. ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే హమ్ అని మోగితే, ఫ్యాన్ ఆ వేగం దగ్గర ఎక్కువసేపు నిలబడకుండా కర్వ్‌ను కొంచెం పైకో కిందికో జరపండి.

బయోస్ తెరలో కనిపించే డిగ్రీలు చూసి గాబరా పడకండి. అక్కడ ప్రాసెసర్ విశ్రాంతి స్థితికి వెళ్లదు, అందుకే ఎక్కువే చూపిస్తుంది. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, లినక్స్‌లో ఎల్ఎం-సెన్సర్స్ చూపించిందే లెక్క. విండోస్‌లో కర్వ్ రాయాలంటే ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. కానీ బయోస్‌లో పెట్టింది ఏ సిస్టం వేసినా పనిచేస్తుంది.

9. ఫ్యాన్ కాని సప్పుళ్లు

- హార్డ్ డిస్క్: 7200 ఆర్‌పీఎం డిస్క్ అంటే సెకనుకు 120 చుట్లు, ఆ అదురు క్యాబినెట్ రేకుకు అంటి గుమ్ అంటుంది. రబ్బరు వాషర్లు వేయండి. లేదా పని మొత్తం ఎస్‌ఎస్‌డీకి మార్చి, డిస్క్‌ను బ్యాకప్ కోసం బయట పెట్టుకోండి.
- ఎస్‌ఎంపీఎస్: ఫ్యాన్ కింది వైపు ఉండి, కింద ఫిల్టర్ ఉంటే గది గాలి పీల్చుకుంటుంది. మీ వాడకం 150 వాట్లయితే 450–550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ దాదాపు వినబడదు.
- ఇన్వర్టర్: కరెంటు పోయినప్పుడు మాత్రమే గుర్ అంటే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కావచ్చు. సీలింగ్ ఫ్యాను కూడా మూలుగుతుంటే అనుమానం లేదు. ఫ్యాన్లు మార్చి లాభం లేదు, సైన్ వేవ్ ఇన్వర్టర్ కావాలి.
- కంప్యూటర్ టేబుల్ అర: చెక్క అరలో తోసి, వెనక గోడకు ఆనించి పెడితే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. వెనక కనీసం జానెడు ఖాళీ, అర వెనక చెక్క తీసేయడం, లేదంటే బయట పెట్టడం. మూడోదే మంచిది.

ఎయిర్ కూలర్ గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టనివ్వకండి. లోపలి భాగాలు గదికన్నా వేడిగా ఉంటాయి కాబట్టి తేమ నీరుగా మారి కారిపోదు. కానీ తడి గాలికి దుమ్ము బంకలా అంటుకుంటుంది, బోరు నీళ్ల తుంపర పడితే తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. మీ మీదికి తిప్పుకోండి, గది చల్లబడితే కంప్యూటరూ చల్లబడుతుంది.

10. సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

వేడి పరీక్ష: గది డిగ్రీలు రాసుకుని, ప్రాసెసర్‌తో నిండుగా పని చేయించే సినీబెంచ్ ప్రోగ్రాం 30 నిమిషాలు నడపండి. లినక్స్‌లో స్ట్రెస్-ఎన్‌జీ. చివరి పది నిమిషాల్లో అంకె స్థిరపడాలి. డిసెంబర్‌లో పరీక్షిస్తే గది 24, చిప్ 68 వచ్చిందనుకోండి, తేడా 44. మే లెక్కకు 40 కలపండి, 84. ఇది 85 లోపు ఉంటే వదిలేయండి. 90 దాటితే రెండో మెట్టుకు వెళ్లి వాట్లు ఇంకో 15 తగ్గించండి. కర్వ్ పెంచడం చివరి మార్గం.

మూత పరీక్ష: పరీక్ష నడుస్తుండగా పక్క మూత తీయండి. ఐదు నిమిషాల్లో 5 డిగ్రీల కన్నా ఎక్కువ పడితే ముందు నుంచి గాలి అందడం లేదు. ఫిల్టర్, ముందు ముఖం, ఫ్యాన్ల దిక్కు చూడండి. వేడి ఎక్కువగా ఉండి, మూత తీసినా ఏమీ మారకపోతే తప్పు పేస్టులోనో కూలర్ బిగింపులోనో ఉంది.

అగరుబత్తి పరీక్ష: సీలింగ్ ఫ్యాను ఆపి, ముందు జాలీకి జానెడు దూరంలో బత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాగాలి. వెనక ఫ్యాన్ దగ్గర బయటికి తోయాలి. ఇప్పుడు వెనక ఖాళీ స్లాట్ల సందుల దగ్గర పెట్టండి: అక్కడ పొగ లోపలికి పోతుంటే బయటికి తోసే గాలి ఎక్కువైంది, వెనక ఫ్యాన్‌ను పది శాతం తగ్గించండి. నిమిషంలో ముగించేయండి, పొగ మసి లోపల పేరుకుంటే మంచిది కాదు.

సప్పుడు పరీక్ష: రాత్రి పదకొండు తర్వాత, అన్నీ బంద్ చేసి, మీరు కూర్చునే చోట తల ఉండే ఎత్తులో వినండి. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ అసలు అంకె నిజం కాదు, కానీ ముందూ తర్వాతా పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఏ ఫ్యాన్‌దో తెలియకపోతే, మూత తీసి ఒక్కో ఫ్యాన్ మధ్య బొడ్డు మీద వేలితో మెత్తగా నొక్కి రెండు సెకన్లు ఆపండి. రెక్కల మీద కాదు. ఏది ఆపితే సప్పుడు పోతుందో దొంగ అదే. అన్నీ ఆపినా సన్నగా కీచుమంటే అది కాయిల్ సప్పుడు, ఎస్‌ఎంపీఎస్ లేదా బోర్డుది, ఫ్యాన్ మార్చితే పోదు.

తర్వాత చూసుకోవాల్సింది

ముందు ఫిల్టర్ నెలకోసారి నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. పత్తి సీజన్‌లో మార్కెట్ దగ్గర ఉండేవాళ్లు పదిహేను రోజులకోసారి. తడి ఫిల్టర్ తిరిగి పెట్టకండి.

మార్చి నెలాఖరున, ఎండలు ముదరకముందే ఒకసారి మూత తీసి బ్లోయర్‌తో కూలర్ రేకులు ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకోవాలి. గాలికి బొంగరంలా తిరగనిస్తే బేరింగ్ దెబ్బతింటుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టం బోర్డుకు ఆనించవద్దు, స్టాటిక్ కరెంటు ప్రమాదం. పేస్టు మూడు నాలుగేళ్లకోసారి మార్చితే చాలు. అదే లెక్కలో చేసిన 30 నిమిషాల పరీక్షలో గది తేడా పోయిన ఏడాది కన్నా 6–7 డిగ్రీలు పెరిగి, దుమ్ము దులిపినా తగ్గకపోతే ఇంకా ముందే మార్చండి. అందుకోసం ఆ అంకెలు, తేదీ, గది డిగ్రీలు క్యాబినెట్ పక్క మూత లోపల చిన్న స్టిక్కర్ మీద రాసి అంటించి పెట్టండి.